అసిస్టెంట్ కోచ్ ఎవరొస్తారు? మన పోల్‌లో లేని పేరు గురించి

పోస్ట్ పెద్దదే. మెస్ లైన్లో నిలబడి చదివితే సగానికే మీ వంతు వచ్చేస్తుంది, కాబట్టి తిన్నాక చదవండి.

సంగతేంటంటే, మా డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీముకి అసిస్టెంట్ కోచ్‌ని తీసుకుంటారంట. నోటీసు బోర్డు మీద కాగితం అంటించి నెల కావస్తోంది. పార్ట్ టైం, ఈ విద్యా సంవత్సరం వరకే, గౌరవ వేతనం ఇస్తారు. పీడీ సార్‌కి సాయంగా ఫుట్‌బాల్‌తో పాటు అథ్లెటిక్స్ కూడా చూసుకోవాలి. ఉన్నది నాలుగు లైన్లే, కానీ ఆ నాలుగు లైన్ల మీద మా హాస్టల్లో నెల నుంచీ పార్లమెంటు నడుస్తోంది.

సంతోష్ ట్రోఫీ ఆడినాయన వస్తాడని ఒకడంటాడు. కాదు, హైదరాబాద్‌లో అకాడమీ నడిపే సార్‌తో ప్రిన్సిపాల్ ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నానని ఇంకొకడు. కేరళ నుంచి ఒక సార్ వస్తున్నాడనేది మూడో మాట. ఆ కేరళ సార్‌ని మాలో ఎవ్వరం చూడలేదు, ఆయన పేరు కూడా ఎవడికీ తెలియదు. అయినా ఆయన ఎడమ కాలితో బాగా కొడతాడని, కోపం ఎక్కువని, పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తిస్తాడని వివరాలు మాత్రం పూర్తిగా ఉన్నాయి. ఒకడైతే ఆ పరుగుకి భయపడి ముందే బూట్లు కొనుక్కొచ్చాడు.

దాచడం ఎందుకు, ఈ గోలలో ముందున్నది నేనే. గ్రూపులో పోల్ పెట్టాను, అయిదు ఆప్షన్లతో. 61 మంది ఓటేశారు. కేరళ సార్ గెలిచాడు.

ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక, అసలు కాలేజీ టీముకి అసిస్టెంట్ కోచ్ అంటే ఏం చేస్తాడో చూద్దామని ఫోన్‌లో వెతికాను. వచ్చిందంతా అమెరికానే. వాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం ఆడేది కాదు కదా, హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి దిండ్లు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. రూల్స్ నాకు ఇప్పటికీ సగమే అర్థమయ్యాయి. కానీ ఒకటి చూసి నవ్వొచ్చింది. అక్కడ కూడా అందరూ చేసేది మేం మెస్ లైన్లో చేసే పనే. మా టీముకి తర్వాతి అసిస్టెంట్ కోచ్ ఎవరు, ఎవరు పోతున్నారు, ఎవరు వస్తున్నారు. అందరూ పెద్ద పెద్ద మనుషులు, మనవళ్లు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. నవంబరు చివర్లో మామూలు మ్యాచ్‌లు అయిపోగానే ఈ జాతర మొదలై జనవరి దాకా నడుస్తుంది. కోచ్‌ల కోసం విమానం ఏ ఊళ్లో ఎగిరి ఏ ఊళ్లో దిగిందో ఫోన్‌లో చూసి, దాన్నిబట్టి పేర్లు చెప్పేవాళ్లున్నారు. మా వాడు ప్రిన్సిపాల్ రూం కిటికీ కింద నిలబడి వినడానికీ దానికీ పెద్ద తేడా లేదు, వాళ్లకి విమానం ఉంది, మాకు కిటికీ ఉంది.

అయితే వాళ్ల పిచ్చికి ఒక కారణం ఉంది. అక్కడ అసిస్టెంట్ కోచ్ అంటే బంతులు మోసే మనిషి కాదు. అటాక్ మొత్తానికి ఒకడు, డిఫెన్స్ మొత్తానికి ఒకడు, ముందు వరసలో ఒళ్లొడ్డే లావుపాటి కుర్రాళ్లకి వేరే కోచ్, బంతి విసిరేవాడికి వేరే కోచ్. 2018లో ఒక టీముకి అసిస్టెంట్ల సంఖ్య తొమ్మిది నుంచి పదికి పెంచారు. 2024లో ఇంకా సడలించి, మిగతా స్టాఫ్ కూడా గ్రౌండ్‌లో దిగి నేర్పొచ్చన్నారు. పెద్ద యూనివర్సిటీల్లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి తీసుకునే అసిస్టెంట్లు ఉన్నారు, మన లెక్కలో ఎనిమిది కోట్ల పైమాటే. మంచి అసిస్టెంట్‌కి ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు 1996 నుంచి ఉంది. అర్కాన్సాలో కోచ్‌గా చేసిన ఫ్రాంక్ బ్రాయిల్స్ పేరు మీద పెట్టారు దాన్ని. ఆయన కింద అసిస్టెంట్లుగా పనిచేసినవాళ్లు తర్వాత సొంతంగా పెద్ద పెద్ద కోచ్‌లు అయ్యారు.

ఇంకో పని కూడా అసిస్టెంట్లదే, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం అనిపించింది. స్కూల్లో ఆడే పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని వెతుక్కుంటూ ఊళ్లకి పోయేది ఎక్కువగా వాళ్లే. ఇంటికెళ్లి, వంటగదిలో కూర్చుని, అమ్మతో మాట్లాడి, మీ పిల్లాడిని మా కాలేజీకి పంపండి, నేను చూసుకుంటాను అని మాటిస్తారు. హెడ్ కోచ్ టీవీలో కనిపిస్తాడు. పిల్లాడికి తెలిసిన మొహం మాత్రం అసిస్టెంట్‌దే. వాడు ఇల్లు గుర్తొచ్చి ఏడిస్తే చూసేది, క్లాసుకి పోవట్లేదని తిట్టేది, మోకాలు వాస్తే ముందు గమనించేది ఆయనే. అందుకే ఒక అసిస్టెంట్ వేరే కాలేజీకి పోతే ఆయన వెంట ఆటగాళ్లు కూడా పోతుంటారు.

సరే, ఇదంతా డబ్బున్నోళ్ల ముచ్చట, మనకెందుకు అనుకుని ఫోన్ పక్కన పెట్టేవాడిని. కానీ అట్లా చూస్తూ పోతుంటే ఒక పాత ఫొటో కనపడింది. వరసగా నిలబడ్డ కుర్రాళ్లు. మొహాలు చూస్తే తెల్లోళ్లు కాదు. కింద కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ అని ఉంది. ఇండియన్ అంటే మనం కాదు, అమెరికా ఆదివాసీలు. తెల్లారి క్లాసులో నిద్రపోయింది అందుకే, ఎకనామిక్స్ మేడం ఈ పోస్ట్ చూస్తే క్షమించాలి.

కార్లైల్ అనేది పెన్సిల్వేనియా రాష్ట్రంలో పాత మిలిటరీ బ్యారక్‌లలో 1879లో పెట్టిన హాస్టల్ బడి. పెట్టినాయన రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. ఎక్కడెక్కడి తెగల పిల్లల్నో రైళ్లలో తెచ్చారు. రాగానే జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్ష. సెలవుల్లో ఇంటికి పంపే బదులు తెల్లవాళ్ల ఇళ్లలో, పొలాల్లో పనికి పెట్టేవాళ్లు. 1918లో మూసేసేదాకా వేలమంది పిల్లలు అందులో చదివారు. ఇంటికి తిరిగి పోలేకపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఇట్లాంటి బడుల విషయంలో అమెరికా అధ్యక్షుడు బైడెన్ 2024 అక్టోబరులో క్షమాపణ చెప్పాడు, అదే డిసెంబరులో కార్లైల్‌ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు.

మన హాస్టళ్లు కార్లైల్ అని నేను అనట్లేదు, ముందే చెప్తున్నా. మా అమ్మానాన్న నన్ను ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి వాళ్లిష్టంతోనే చేర్పించారు. హాస్టల్ లేకపోతే మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడిని నేను అయ్యేవాడినే కాదు. కానీ మూడో తరగతిలో కోయలో మాట్లాడానని బెంచీ ఎక్కించిన రోజు నాకింకా గుర్తుంది. అందుకే ఆ ఫొటో ముందు ఆగిపోయాను. ఈ గ్రూపులో చాలామంది ఆగుతారనుకుంటా.

ఆ కార్లైల్ పిల్లలు ఫుట్‌బాల్‌లో దేశాన్ని వణికించారు. 1911లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించారు. 1912 నవంబరులో సైన్యం వాళ్ల కాలేజీ వెస్ట్ పాయింట్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే 27-6తో కొట్టారు. అటుపక్క ఆడినవాళ్లలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ కూడా ఉన్నాడు. తాతల మీదికి తుపాకులు పంపిన సైన్యాన్ని మనవళ్లు బంతితో ఓడించారన్నమాట. బంతిని ముందుకి విసరడం రూల్‌లోకి వచ్చింది 1906లో. దాన్ని అందరికంటే ముందు బాగా వాడుకున్న టీముల్లో ఇదొకటి. శరీరాలు చిన్నవి కాబట్టి వేగం, ఉపాయం మీద ఆడారు. జిమ్ థార్ప్ ఈ బడివాడే. శాక్ అండ్ ఫాక్స్ తెగ. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లో బంగారు పతకాలు తెచ్చాడు. అంతకుముందు బేస్‌బాల్ ఆడి కొద్దిగా డబ్బు తీసుకున్నాడని 1913లో అవి లాగేసుకున్నారు. ఆయన్ని ఒక్కడినే విజేతగా మళ్లీ ఒప్పుకున్నది 2022లో. అప్పటికి ఆయన పోయి దాదాపు 70 ఏళ్లు.

ఈ కథలో అందరూ చెప్పే పేరు ఇంకొకటి ఉంది, కోచ్ పాప్ వార్నర్. తెల్లాయన. 1899లో వచ్చాడు, మధ్యలో మూడేళ్లు కార్నెల్‌కి పోయి, 1907లో తిరిగొచ్చి 1914 దాకా ఉన్నాడు. గొప్ప కోచ్, అందులో డౌట్ లేదు. ఆయన పేరు మీద పిల్లల ఫుట్‌బాల్ సంస్థే ఉంది. మన ప్రశ్న అది కాదు. ఆయన లేని ఆ మూడేళ్లు కోచ్ ఎవరు?

1904లో ఎడ్ రోజర్స్. ఒజిబ్వే తెగ, అదే బడిలో చదివి, ఆడి, తర్వాత మిన్నెసోటా యూనివర్సిటీకి కెప్టెన్ అయినవాడు. 1905లో బయటాయన. 1906లో బీమస్ పియర్స్, ఆయనకి తోడు ఫ్రాంక్ హడ్సన్. పియర్స్ సెనెకా తెగ, హడ్సన్ లగూనా ప్యూబ్లో, ఇద్దరూ అదే టీములో ఆడినవాళ్లే. వాళ్ల చేతిలో టీమేం మునిగిపోలేదు, ఓడినవాటి కంటే గెలిచినవే చాలా ఎక్కువ. అయినా మరుసటేడు వార్నర్‌ని మళ్లీ తెచ్చుకున్నారు. ఎక్కడ చదివినా వార్నర్, థార్ప్, ఈ రెండు పేర్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. రోజర్స్, పియర్స్, హడ్సన్ పేర్లు పట్టికల్లో అడుగున ఉంటాయి. నేను వెతుక్కుని పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకా ఉన్నారు. ఆల్బర్ట్ ఎక్సెన్‌డైన్, డెలవేర్ తెగ. కార్లైల్‌లో ఆడి, వార్నర్ దగ్గర అసిస్టెంట్‌గా చేసి, లా చదివి, 1914 నుంచి 1922 దాకా జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా చేశాడు. థార్ప్ కూడా 1915లో ఇండియానా యూనివర్సిటీలో అసిస్టెంట్ కోచ్‌గా చేశాడు. ఒలింపిక్ వీరుడు కాలేజీ టీముకి అసిస్టెంట్ అంటే, ఆ ఊళ్లో ఆ ఏడు మెస్ లైన్ ఎట్లా ఉండి ఉంటుందో!

నాకు అన్నిటికంటే నచ్చినవాడు గస్ వెల్చ్. ఒజిబ్వే కుర్రాడు, వెస్ట్ పాయింట్‌ని ఓడించిన టీములో క్వార్టర్‌బ్యాక్. అంటే ఆటని నడిపించేవాడు. 1914లో బడిలో జరుగుతున్న అన్యాయాల మీద విచారణ జరపమని పిల్లలతో సంతకాలు పెట్టించింది ఇతనే. రెండువందల మందికి పైగా పెట్టారు. అమెరికా పార్లమెంటు కమిటీ కార్లైల్‌కి వచ్చి కూర్చుంది. తిండి, దెబ్బలు, ఫుట్‌బాల్ టికెట్ల డబ్బు ఎక్కడికి పోయిందనే లెక్క, అన్నీ బయటికొచ్చాయి. వార్నర్ నోరు మంచిది కాదని, పిల్లల్ని కొట్టేవాడని ఆయన దగ్గర ఆడినవాళ్లే సాక్ష్యం చెప్పారు. తమని గెలిపించిన కోచ్ మీద సాక్ష్యం! ఆ బడి సూపరింటెండెంట్ ఉద్యోగం పోయింది. వార్నర్ ఆ సీజన్ అయ్యాక పిట్స్‌బర్గ్‌కి పోయాడు. మరి వెల్చ్? 1919లో వాషింగ్టన్ స్టేట్ కాలేజీకి హెడ్ కోచ్ అయ్యాడు. సంతకాలు పెట్టించినవాడికి ఎక్కడా పని దొరకదని మనల్ని భయపెడుతుంటారు కదా, అందుకే చెప్పాను.

ఇప్పుడు మళ్లీ మా గ్రౌండ్‌కి వస్తాను.

మా టీముకి పొద్దున అయిదున్నరకి ప్రాక్టీస్ చేయించే అన్న ఒకాయన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, అన్న అనే రాస్తున్నా. మా కోయాయనే, మా కాలేజీలోనే చదివాడు, ఒక సబ్జెక్టు మిగిలిపోయి డిగ్రీ చేతికి రాలేదు. సిమెంటు గోడౌన్‌లో హమాలీ పని. పొద్దున మాతో రెండు గంటలు, తర్వాత బస్తాలు. మూడేళ్ల నుంచి ఇదే. ఎవరూ పెట్టలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. పంక్చర్ అయిన బంతుల్ని సైకిల్ షాపులో తనే అతికించుకొస్తాడు. మన ఏజెన్సీలో ఆటంటే వాలీబాల్, కబడ్డీ, మాలో చాలామంది ఫుట్‌బాల్‌ని కాలితో తాకింది కాలేజీకి వచ్చాకే. పాస్ ఇచ్చి నిలబడిపోకూడదు, ఇచ్చాక కదలాలి అని మాకు ఒంట్లోకి ఎక్కించింది ఆయనే.

నిరుడు ఫస్టియర్‌లో ఒక తమ్ముడు చేరాడు. ఛత్తీస్‌గఢ్ బోర్డర్ పక్క ఊరు. తెలుగు సరిగా రాదు, క్లాసులో నోరు విప్పడు. రెండో వారంలో పెట్టె సర్దుకున్నాడు. వార్డెన్ సార్ చెప్పి చూశారు, మేమూ చెప్పాం, వినలేదు. బస్టాండుకి పోయే దారిలో అన్న ఎదురై, వాడి మాటలోనే ఏదో మాట్లాడి గ్రౌండ్‌కి తీసుకొచ్చి, గోల్ స్తంభాల మధ్య నిలబెట్టాడు. ఏం మాట్లాడాడో మేం అడగలేదు. ఆ తమ్ముడే ఇప్పుడు మా గోలీ. సెకండియర్ కూడా పాసయ్యేలాగే ఉన్నాడు. పైన అమెరికాలో అసిస్టెంట్ కోచ్ ఇంటింటికీ పోయి చేసే పని చెప్పాను చూడండి, కోట్లు ఇచ్చి చేయించే పని, అది ఇదే.

అదే ఏడు ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌కి వేరే ఊరు పోయాం. పీడీ సార్ అథ్లెటిక్స్ జట్టుతో ఇంకో చోట ఉన్నారు, పాపం ఆయనొక్కరే అన్నిటికీ. అన్న ఒకరోజు కూలి పోగొట్టుకుని, సొంత చార్జీలతో వచ్చాడు. లిస్టులో పేరు లేదని గేటు దగ్గర ఆపేశారు. మేం 6-0తో ఓడిపోయాం. అన్న ఆ తొంభై నిమిషాలూ ప్రహరీ గోడ బయట ఎవరిదో బండి సీటు మీద నిలబడి చూశాడు. హాఫ్ టైంలో గోడ మీదుగా అరిచి చెప్పాడు, సగం వినపడలేదు.

ఇప్పుడు అసలు మాట. నా పోల్‌లో అయిదు ఆప్షన్లు అన్నాను కదా. అందులో అన్న పేరు లేదు. మర్చిపోయానని కూడా అనలేను, అసలు తట్టనే లేదు. 61 మందిలో ఒక్కడు కూడా అదేంట్రా అన్న పేరు లేదేంటి అని అడగలేదు. మా గోలీ కూడా కేరళ సార్‌కే ఓటేశాడు. కోచ్ అంటే ఎక్కడినుంచో రావాలి, ట్రాక్ సూట్ వేసుకుని, మెడలో విజిల్‌తో, మనకి రాని భాష మాట్లాడుతూ దిగాలి. మన మధ్యనే ఉండి, మన భాషలో తిట్టేవాడు కోచ్ ఎట్లా అవుతాడు? ఇది మనకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. టీచర్ అంటే కింద నుంచి వచ్చినాయన, డాక్టర్ అంటే కింద నుంచి వచ్చినాయన, ఆఫీసర్ అంటే కింద నుంచి వచ్చినాయన అని చిన్నప్పటి నుంచి చూసి చూసి మన బుర్రే అట్లా తయారైంది.

మనమే కాదు, దేశం మొత్తం ఇంతే. 2025 జులైలో ఇండియా ఫుట్‌బాల్ టీముకి కోచ్ కావాలంటే 170 దరఖాస్తులు వచ్చాయి. అందులో స్పెయిన్ ఆటగాడు షావీ పేరు ఉందని తెలియగానే ఊగిపోయారు, మా హాస్టల్లో ఆ రెండు రోజులు అందరూ బార్సిలోనా అభిమానులే. తీరా చూస్తే ఆ మెయిల్ నిజమైనది కాదని ఫుట్‌బాల్ సమాఖ్యే చెప్పింది. చివరికి పెట్టింది ఖాలిద్ జమీల్‌ని. 2017లో మిజోరం టీం ఐజ్వాల్‌ని ఐ-లీగ్ విజేతని చేసినాయన. అంతకుముందు సీజన్‌లో కింది డివిజన్‌కి పడిపోవాల్సిన టీం అది. ఇంకా వెనక్కి పోతే మన హైదరాబాద్ రహీం సాబ్. బడి పంతులుగా మొదలైన మనిషి. ఇండియాకి 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చిపెట్టాడు. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. ఆయనకి షావీ పేరు లేదు, హైదరాబాద్ పోలీస్ గ్రౌండ్ ఉంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మనవాడు అయితే చాలా? అర్హత అక్కర్లేదా?

మనవాడు అయితే చాలు అని నేను అనను. కార్లైల్‌లోనే చూశాం కదా, వార్నర్‌కి ఆట తెలుసు, దాన్ని కాదంటే అబద్ధం. రేపు నిజంగానే కేరళ సార్ వచ్చి, మంచిగా నేర్పి, పిల్లల్ని మనుషుల్లా చూస్తే నేనే ముందు దండం పెడతా. అన్నలో కూడా లోపాలున్నాయి. డిఫెన్స్ నేర్పడం రాదు, ఆ 6-0లో కొంత ఆయనదే. గాయమైతే ఐస్ పెట్టడం తప్ప వేరే తెలియదు. ఆయనకి ఎన్‌ఐఎస్ కోర్సు లేదు, సమాఖ్య వాళ్ల డి లైసెన్స్ కూడా లేదు. కానీ నోటీసు మళ్లీ వెళ్లి చదివాను, ఫొటో కూడా తీశాను. సర్టిఫికెట్ ఉన్నవారికి ప్రాధాన్యం అని ఉంది. తప్పనిసరి అని లేదు. ఈ రెండు మాటల మధ్య మనవాళ్లు ఎన్ని ఉద్యోగాలు పోగొట్టుకున్నారో ఈ గ్రూపులో పెద్దోళ్లకి బాగా తెలుసు. ప్రాధాన్యం అని చదవగానే మనం కాదులే అని వెనక్కి తిరిగేస్తాం. అవతలివాడు అదే లైన్ చదివి, అయితే వేసి చూద్దాం అనుకుంటాడు.

పైగా ఇది హెడ్ కోచ్ పోస్టు కాదు. పీడీ సార్ ఉన్నారు, ఆయన చదువుకున్నారు. ఆయన పక్కన ఉండాల్సింది ఏ పిల్లాడు ఎందుకు రావట్లేదో తెలిసినవాడు. అమెరికాలోనూ ఈ గొడవ తెగలేదు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో నల్లజాతి కుర్రాళ్లు సగం దాకా ఉంటారు, హెడ్ కోచ్‌లలో మాత్రం చాలా తక్కువమంది. అసిస్టెంట్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఒరెగాన్ రాష్ట్రం 2009లో ఒక చట్టం చేసింది, ప్రభుత్వ యూనివర్సిటీలు హెడ్ కోచ్‌ని తీసుకునే ముందు మైనారిటీల నుంచి కనీసం ఒకరినైనా ఇంటర్వ్యూకి పిలవాలని. ఉద్యోగం ఇచ్చి తీరాలని కాదు, పిలిచి, కూర్చోబెట్టి, మాట వినాలని. నేను అడిగేది కూడా అంతే. అన్నని పిలవండి, వినండి, గ్రౌండ్‌లో ఒక గంట చూడండి. తర్వాత మీ ఇష్టం.

మేం ప్రిన్సిపాల్ సార్‌కి లెటర్ రాశాం. 23 మంది సంతకాలు పెట్టారు. ఇద్దరు పెట్టలేదు, పీడీ సార్ ఏమనుకుంటారోనని. వాళ్లని తిట్టొద్దని చెప్పాను, వాళ్ల స్కాలర్‌షిప్ కాగితాల మీద సంతకాలు ఇంకా మిగిలున్నాయి. లెటర్ ముందు పీడీ సార్‌కే చూపించాం. ఆయన చదివి, రెండు అక్షర దోషాలు దిద్ది, మడిచి నాకే ఇచ్చి, తీసుకెళ్లి ఇవ్వండి అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో మాకు ఇంకా తెలియలేదు.

అన్నకి ఈ సంగతి చెప్తే నవ్వాడు. ముందు నీ పాసులు సరిచేసుకో, తర్వాత నాకు ఉద్యోగం ఇప్పిద్దువుగాని అన్నాడు. మూడు రోజులు తిరిగితే బయోడేటా రాయనిచ్చాడు. అనుభవం అనే చోట ఏం రాయాలిరా అని అడిగాడు. మూడేళ్లు అని రాశాను. ఎక్కడ అంటే మన కాలేజీ గ్రౌండ్ అని రాశాను. ఆ కాగితం అట్లాగే చాలాసేపు పట్టుకుని చూశాడు.

ఇప్పుడు మీతో పని. మీలో ఎవరైనా ఎన్‌ఐఎస్ సర్టిఫికెట్ కోర్సు గానీ, డి లైసెన్స్ గానీ చేసి ఉంటే, ఎప్పుడు అప్లై చేయాలి, ఏం కాగితాలు కావాలి, మనవాళ్లకి ఫీజులో ఏమన్నా సాయం దొరుకుతుందా, కామెంట్‌లో రాయండి. ఈసారి పోస్టు రాకపోయినా ఆ కోర్సు మాత్రం అన్నతో చేయించాలని అనుకుంటున్నాం. మీ కాలేజీల్లో కూడా ఇట్లా జీతం లేకుండా నేర్పేవాళ్లుంటే రాయండి. అక్కలూ, చెల్లెళ్లూ, మీ గ్రౌండ్ సంగతి మీరే రాయాలి, మాకు తెలియదు.

పోల్ డిలీట్ చేశాను. కొత్తది పెట్టలేదు.

ఇంటర్వ్యూ శుక్రవారం పదిన్నరకి. ఆ రోజు గోడౌన్‌కి సిమెంటు లారీ వస్తుందంట, అన్న కుదరదేమో అన్నాడు. మేస్త్రీతో మాట్లాడాం, బదులు మనుషులుంటే సరే అన్నాడు. మొత్తం 300 బస్తాలు. ఇప్పటికి నలుగురం పేర్లిచ్చాం, మా గోలీతో కలిపి. ఇంకో ఇద్దరు కావాలి, దగ్గర్లో ఉన్నవాళ్లు మెసేజ్ చేయండి.